పేరులోని న్యాయం: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితం

ఒక జాతిని ఏ పేరుతో పిలవాలి, ఒక భాషలోని భేదాలను ఏయే మాటలతో గుర్తించాలి అనే ప్రశ్న పైకి స్వల్పంగా కనిపిస్తుంది. పరీక్ష పత్రాలలో మన విద్యార్థులు ఇంగ్లీషువారు, ఆంగ్లేయులు, బ్రిటిష్ వారు, దొరలు అనే మాటలను ఒకదాని బదులు మరొకటి నిస్సంకోచంగా వాడుతూ ఉంటారు. అర్థమైతే చాలదా అని అడుగుతారు కూడ. కాని పేరు తప్పినచోట మనిషి తప్పిపోతాడు. పేరుతోపాటు అతని భాష, చరిత్ర, గౌరవం కూడ తప్పిపోతాయి.

గ్రేట్ బ్రిటన్ ద్వీపంలో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు అని మూడు దేశాలు ఉన్నాయి. వేల్సు 16వ శతాబ్దంలోనే ఇంగ్లండు పాలనలో లీనమైనది. 1707లో ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యాలు ఏకమైనవి. 1801లో ఐర్లండు కూడ చేరి యునైటెడ్ కింగ్‌డమ్ ఏర్పడినది. 1922లో ఐర్లండులో అధికభాగం విడిపోగా ఉత్తర ఐర్లండు మాత్రం అందులో మిగిలినది. ఇంగ్లండులో పుట్టినవాడు ఇంగ్లీషువాడు. స్కాట్లండువాడు స్కాట్, వేల్సువాడు వెల్ష్, ఐర్లండువాడు ఐరిష్. వేల్సులో వెల్ష్ అనే వేరు భాషే ఉన్నది. అది ఇంగ్లీషుకు యాస కాదు. కనుక స్కాట్లండువాణ్ణి ఇంగ్లీషువాడనటం, తెలుగువాణ్ణి ఉత్తరాదివారు మదరాసీ అనటం వంటిది. మనవారు మాత్రం తెల్లని దేహచ్ఛాయ కలవారినందరినీ దొరలనే ఒక్క సంచిలో వేశారు. మన చరిత్ర సాధనాలను సేకరించిన కాలిన్ మెకంజీ స్కాట్లండులోని లూయిస్ ద్వీపవాసి. ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ స్కాట్లండు తల్లిదండ్రులకు ఐర్లండులో జన్మించినవాడు. భారతీయ భాషల సర్వేను నడిపిన గ్రియర్సన్ ఐర్లండులోని డబ్లిన్ ప్రాంతంవాడు. శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి ప్రాంతాలలో బడులు, ఆసుపత్రులు నడిపిన బాప్టిస్టు మిషనరీలు అసలు బ్రిటన్ నుండి కాక కెనడా నుండి వచ్చినవారు. మనకు అందరూ ఇంగ్లీషు దొరలే.

వారు మన విషయంలో చేసినది ఇంతకంటె మెరుగు కాదు. చెన్నపట్నంలో కుంపిణీవారు తెలుగువారిని, తెలుగు భాషను జెంటూ అన్నారు. అది పోర్చుగీసుల నోట అన్యమతస్థులనే అర్థంలో పుట్టిన మాట. 1816లో క్యాంప్‌బెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణం పేరులో కూడ ఆ మాట చోటు చేసుకున్నది. అదే విధంగా హిందూస్తానీకి వారు పెట్టిన పేరు మూర్స్. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొంటున్న మన కళాశాలవారికి ఈ రెండు పేర్లూ పాఠం చెప్పవలసినవే. మన శ్రీకాకుళం వారి కాగితాలలో చికాకోల్ అయినది.

ఇట్టి విషయంలో న్యాయం కోసం ఒక జీవితకాలం శ్రమించిన మహనీయుడు మన ఉత్తరాంధ్ర నేలమీదనే పుట్టి, మన విజయనగరంలోనే చదువుకున్నారు. అడవిలోని ఒక జాతిని ఆ జాతి తనను తాను పిలుచుకొనే పేరుతో గ్రంథస్థం చేసి, కోట్ల తెలుగువారి నోటి భాషకు అంటగట్టిన నిందానామాన్ని తొలగించి, గౌరవప్రదమైన పేరు నిలబెట్టిన ఆ పెద్ద గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

బాల్యము, విద్య

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధారా తీరంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. 1875లో ఆయన మరణించగా కుటుంబం ఆధారం కోల్పోయినది. బాలుడైన రామమూర్తి విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. తరువాతి కాలంలో కన్యాశుల్క నాటకకర్తగా చిరకీర్తి పొందిన గురజాడ అప్పారావుగారు ఆ పాఠశాలలో వారి సహాధ్యాయి. ఇద్దరు పేద పిల్లల మధ్య అక్కడ మొలకెత్తిన స్నేహం మూడు దశాబ్దాల తరువాత తెలుగు భాష చరిత్రనే మలుపు తిప్పినది.

మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన పిమ్మట ఇంటి బాధ్యత మీదపడటంచేత పై చదువు సాగలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రయివేటుగా పరీక్షలకు చదివి పట్టభద్రులైనారు. పాఠశాల కళాశాలగా పెరిగినది, వారు చరిత్ర బోధించే అధ్యాపకులైనారు. 1911లో విరమించేవరకు సుమారు ముప్పది సంవత్సరాలు ఆ కొలువులోనే ఉన్నారు.

చరిత్ర బోధించే వ్యక్తి పుస్తకంలోని చరిత్రతో తృప్తి పడలేదు. పుట్టిన ఊరికి దగ్గరలో ఉన్న ముఖలింగ దేవాలయం గోడలమీది శాసనాలు ఆయనను ఆకర్షించాయి. గురువు లేకుండానే ప్రాచీన లిపులు నేర్చి ఆ శాసనాలను చదివారు. గంగరాజుల రాజధాని అయిన కళింగనగరం నేటి ముఖలింగమేనని వాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. శిలాలేఖలతో ఈ పరిచయం ఉత్తరోత్తరా భాషావాదంలో వారికి గట్టి ఆయుధమైనది. పండితులు తప్పులని నిషేధించిన ఎన్నో రూపాలు శతాబ్దాల క్రితమే రాతిమీద చెక్కబడి ఉండటాన్ని వారు కళ్ళారా చూశారు.

సవరలు, సొరలు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. సంతకు దిగివచ్చే సవరలను పట్టణవాసులు చూసేవారు గాని వారి మాటను వినేవారు కారు. వారిది భాషే కాదని, తెలుగు ఒరియా మాటలను విరిచి పలికే అరుపని చాలమంది భావించేవారు. సవర అనే మాటకు మోటుమనిషి అనే అర్థం కూడ అంటుకొన్నది. నిజానికి ఆ జాతి ప్రాచీనత సామాన్యమైనది కాదు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులను పేర్కొన్నచోటనే పుండ్రులు, పుళిందులతోపాటు శబరులు కూడ పేర్కొనబడ్డారు. అనగా గ్రంథంలో తొలిసారి మన పేరు, వారి పేరు ఒకే వరుసలో కనిపిస్తాయి. తరువాత ఒకరు పట్టణంలో కూర్చున్నారు, మరొకరు కొండకు పరిమితమైనారు.

రామమూర్తి పంతులుగారు ఈ భాష నేర్వాలని సంకల్పించారు. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, లిపి లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని, వస్తువు చూపి పేరు అడిగి, వాక్యం చెప్పించి మళ్ళీ మళ్ళీ విని రాసుకొన్నారు. ఆనాటి బ్రాహ్మణ గృహంలో ఇది చిన్న సాహసం కాదు. బంధువర్గం ఆక్షేపించినా వారు లెక్కచేయలేదు. తరువాత స్వయంగా కొండలెక్కి సవర పల్లెలలో మసలారు. కొండ జ్వరాలు పట్టుకున్నవి. ఆ జ్వరాలకు క్వినైను విశేషంగా వాడటంవల్లనే వారి వినికిడి దెబ్బతిన్నదని వారి జీవితం రాసినవారు చెబుతారు. ఒక జాతి మాటను వినడానికి వెళ్ళి వినికిడినే కోల్పోయిన మనిషి ఆయన.

విని రాయటం ఎట్లా అనేది పెద్ద సమస్య అయినది. సవరలో ఊపిరిని కంఠంలో ఆపి పలికే అచ్చులు ఉన్నాయి. అవి తెలుగు లిపికి లొంగవు. ఆ భాషలో క్రియాపదం నామాన్ని కూడ తనలో ఇముడ్చుకొని ఒక వాక్యమంత అర్థాన్ని ఒక్క పదంలో చెప్పగలదు. ఇట్టి భాషను వర్ణించటానికి పాశ్చాత్య దేశాలలో అప్పుడే ఎదుగుతున్న ధ్వనిశాస్త్రం ఒక్కటే మార్గమని గ్రహించి, హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి విద్వాంసుల గ్రంథాలను తెప్పించుకొని చదివారు. ఒకరు ఇంగ్లీషువారు, మరొకరు డెన్మార్కువారు. మారుమూల సంస్థానంలోని ఒక అధ్యాపకుడు ఐరోపా శాస్త్రాన్ని సవర పల్లెకు తీసుకొనిపోయి అక్కడ పరీక్షించాడన్నమాట. ఆ పరిశ్రమవల్ల సవర భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చెందినది కాదని, సంతాలీ ముండారీల వలె ముండా కుటుంబానికి చెందిన స్వతంత్ర భాష అని ప్రస్ఫుటమైనది. దక్షిణ భారతదేశపు కులాలు, తెగలను గురించి 1909లో థర్‌స్టన్ ప్రచురించిన మహాగ్రంథంలో సవరల ప్రకరణం వెనుక పంతులుగారి సహాయం ఉన్నది.

శాస్త్రంతో వారు ఆగలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలన్నారు. వాచకాలు సిద్ధం చేశారు, పాటలు కథలు సేకరించారు, తమ ఖర్చుతో బడులు పెట్టారు. ఆ పిల్లలకు చదువు చెప్పటానికి పట్టణపు ఉపాధ్యాయులు రాకపోతే సవరలనే ఉపాధ్యాయులుగా తయారుచేశారు. ప్రభుత్వం ఆయన కృషికి ధన బహుమానం ఇవ్వజూపినప్పుడు ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. కుమారులు సీతాపతిగారు కూడ ఈ కృషిలో తండ్రికి తోడై నిలిచారు.

1931లో మద్రాసు ప్రభుత్వం పంతులుగారి సవర వ్యాకరణ గ్రంథాన్ని ముద్రించినది. ఆ పుస్తకం పేరును గమనించాలి. సొర అనే మాట ముందు నిలిచినది, సవర అనేది దానికి తెలిసిన మరొక పేరుగా వెనుక నిలిచినది. ఆ జాతివారు తమను తాము సొర అనుకుంటారు. సంస్కృతం శబర అన్నది, తెలుగు సవర అన్నది. పండితునికి మూడు పేర్లూ తెలుసు. కాని గ్రంథం నొసటిమీద మాత్రం సొంతదారుని పేరే ఉండాలని ఆయన నిశ్చయం. ప్రభుత్వ జాబితాలలో నేటికీ సవరలు, కాపు సవరలు, మాలియ సవరలు అనే పేర్లే కనిపిస్తాయి. వ్యవహారంలో అది తప్పదు. అయినా ఆ మాటకు వెనుక మరొక మాట ఉన్నదని మనకు చెప్పినవారు పంతులుగారు. 1938లో వారి సొర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. 1936లో మంగయి గోమాంగో అనే సొర పెద్ద తన భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని కల్పించటం ఆ జాతిలో మేల్కొన్న ఆత్మగౌరవానికి మరొక నిదర్శనం.

గ్రామ్యమనే నింద

సవరకు జరిగిన అన్యాయమే తెలుగుకు కూడ జరుగుతున్నదని పంతులుగారికి క్రమంగా తెలిసివచ్చినది. దీనికి నిమిత్తమైనవాడు జె. ఎ. యేట్స్ అనే పాఠశాలల తనిఖీ అధికారి. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు వచ్చిన యేట్స్ తెలుగు నేర్చుకొంటూ తరగతులు చూడబోగా, పుస్తకంలోని తెలుగు ఒకటి, ఉపాధ్యాయుడు విద్యార్థులతో మాట్లాడే తెలుగు మరొకటి అయి కనిపించినది. జీవద్భాష నేర్పవలసిన బడిలో ఎవరూ మాట్లాడని భాష ఎందుకు నేర్పుతున్నారని ఆయనకు సందేహం కలిగినది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు విజయనగరంలో అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు అని ఆయన చెప్పారు. ఈ నలుగురి కలయికతో వ్యావహారిక భాషోద్యమం ఆరంభమైనది.

అప్పటి పండితులు జనుల వాడుక భాషను గ్రామ్యం అనేవారు. వ్యాకరణంలో గ్రామ్యమంటే లక్షణానికి లోబడని మాట. లోకంలో మాత్రం అది పల్లెటూరి మోటుతనమనే అర్థాన్ని ఇచ్చేది. వేదం వేంకటరాయశాస్త్రిగారి వంటి మహాపండితులు నాటకాలలో నీచపాత్రలకు ఈ భాష తగునని ఒప్పుకున్నారు. అంతకు మించి దానికి స్థానం ఇవ్వలేదు. పంతులుగారు అడిగిన ప్రశ్న సూటిగా ఉన్నది. ఆ పండితులే ఇంట్లో భార్యాబిడ్డలతో, సభలో మిత్రులతో, వీధిలో వర్తకునితో మాట్లాడే భాష ఏది? అది గ్రామ్యమే అయితే వారు గ్రామ్యులా? విద్యావంతులు నిత్యం వాడే భాషకు ఆ పేరు అన్యాయమని, దానిని వ్యావహారికమని, అందులోను చదువుకున్న మర్యాదస్థుల భాషను శిష్టవ్యావహారికమని పిలవాలని వాదించారు. గ్రామ్యమన్న మాట చెల్లినంతకాలం వాదానికి ముందే తీర్పు చెప్పినట్లవుతుంది. పేరు మారిన తరువాతనే అసలు చర్చ మొదలైనది.

ఇంగ్లండులో కూడ దాదాపు అదే కాలంలో ఇట్టి నామకరణ సమస్య తలెత్తటం గమనార్హం. ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు రచించిన డేనియల్ జోన్స్ తాను వర్ణించిన ఉచ్చారణకు 1917లో పబ్లిక్ స్కూలు ఉచ్చారణ అని పేరు పెట్టారు. ఆ బడులు ధనికుల పిల్లలు చదివేవి. 1926లో ఆ పేరు వదలి, పెద్దలు అంగీకరించిన ఉచ్చారణ అనే అర్థమిచ్చే రిసీవ్డ్ అనే మాటను స్వీకరించారు. స్కాట్లండు మహాకవి బర్న్స్ రాసిన స్కాట్స్ ప్రత్యేక భాషా, ఇంగ్లీషులో ఒక మాండలికమా అనే వాదం నేటికీ ఉన్నది. అమెరికాలో వెబ్‌స్టర్ 1828లో నిఘంటువు వేసి తమ ఇంగ్లీషుకు తలవంపు లేదన్నారు. మన దేశపు ఇంగ్లీషును ఒకప్పుడు బాబూ ఇంగ్లీషని ఎగతాళి చేసేవారు, నేడు భారతీయ ఇంగ్లీషు అంటున్నారు. భాష అదే, పేరుతో దాని పీట మారినది.

ఉర్దూ కథ కూడ వేరు కాదు. హిందవీ, రేఖ్తా, దక్కనీ, హిందూస్తానీ అని పలు పేర్లు మోసిన ఆ భాషలో, గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా గజళ్ళు చెప్పిన దక్కనీని తరువాతి ఢిల్లీ, లక్నో పెద్దలు మోటుగా చూశారు. మన జిల్లాల తెలుగు జనం ఆ భాషను తురకం అని ఊరుకుంటారు. దానిని మాట్లాడేవారిలో తురుష్కదేశం చూసినవారు ఎందరు? ఇందులో ద్వేషం కంటె అజాగ్రత్తే ఎక్కువ. అయినా అజాగ్రత్త కూడ ఒక అన్యాయమే.

పోరాటం

1911లో ఉద్యోగం విరమించిన నాటినుండి పంతులుగారికి ఈ ఉద్యమమే వృత్తి అయినది. అదే సంవత్సరం జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథిక పక్షానికి కోటగా నిలిచినది. రామమూర్తిగారు 1913లో ఆధునిక తెలుగును గురించి ఒక విజ్ఞాపన పత్రాన్ని ఇంగ్లీషులో ప్రచురించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏటనే, 1915 నవంబరులో, ఆయన కన్నుమూశారు. ఉద్యమంలో కుడిభుజాన్ని కోల్పోయిన పంతులుగారు వెనుకంజ వేయలేదు.

వారి వాదపద్ధతి అపూర్వమైనది. ఆవేశపూరితమైన ఉపన్యాసంకంటె ఉదాహరణలనే వారు నమ్ముకున్నారు. గ్రాంథికమే రాయాలని శాసించే పండితుల పుస్తకాలను తీసి, వారి వ్యాకరణం ప్రకారమే వాటిలో ఎన్ని తప్పులు ఉన్నాయో పట్టిక వేసి చూపారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే గ్రంథం ఇట్టి పరిశ్రమ ఫలమే. చిన్నయసూరి మొదలు నేటి పండితుని వరకు ఎవరికీ వశం కాని భాషను పదేళ్ళ బాలుడు ఎట్లా రాయగలడు అన్నది అందులోని అసలు ప్రశ్న. బాలకవి శరణ్యం, గద్య చింతామణి కూడ ఆ వాదాన్నే బలపరచినవి. ప్రాచీన గద్యాన్నీ, తాళపత్రాలనూ, శాసనాలనూ వెదకి, మన పూర్వులు వచనంలో వాడుక రూపాలను స్వేచ్ఛగా వాడారని నిరూపించారు. పూర్వ సాహిత్యాన్ని వారు ఏనాడూ తృణీకరించలేదు. దానిని గౌరవించి చదవాలి, నేటి విషయాలు మాత్రం నేటి భాషలో రాయాలి అన్నదే వారి సిద్ధాంతం. సభలలో గంటలకొద్దీ మాట్లాడేవారు. ప్రతిపక్షుల కేకలు చెవికి ఎక్కకపోవటం కూడ వారికి లాభించినదని మిత్రులు నవ్వుకొనేవారట.

1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా, రామమూర్తిగారు కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసినది. ఒకప్పుడు గ్రాంథిక వచనానికి రాచబాట వేసిన వీరేశలింగంగారు ఈ పక్షానికి రావటం గొప్ప విజయం. కాని ఆ మే నెలలోనే వారు దివంగతులైనారు. సమాజం పేరులో కూడ పంతులుగారి జాగ్రత్త కనిపిస్తుంది. గ్రామ్యమన్న మాటకు తావు లేకుండా, గ్రాంథికాన్ని నిందించకుండా, వర్తమానమనే ఒక్క మాటతో తమ వాదం చెప్పారు. అదే ఏడు తెలుగు అనే పత్రికను పర్లాకిమిడి నుండి స్వయంగా నడిపారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై తన నిషేధాన్ని సడలించుకొన్నది. క్రమంగా కథలు, నవలలు, పత్రికలు ఆ బాట పట్టినవి.

ఒక్క మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. శిష్టవ్యావహారికమన్న పేరు గ్రామ్యమన్న నిందను తొలగించినదే గాని, శిష్టులు కానివారు ఎవరు అనే కొత్త ప్రశ్నను మిగిల్చినది. కృష్ణా గోదావరి మండలాల విద్యావంతుల మాట శిష్టమై పుస్తకాలకు ఎక్కినది. ఏటి, బేగి, నాను అనే మన ఉత్తరాంధ్ర మాటలు యాస అయి హాస్యానికి మిగిలినవి. రావిశాస్త్రి, చాసో, కాళీపట్నం రామారావుగార్ల కథలు ఆ మాటలకు మర్యాద తెచ్చినవి. 1962 నుండి భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశాలతో రైతు మాటకు, నేతగాని మాటకు నిఘంటువులో స్థానం కల్పించారు. ఈ పనులు పంతులుగారి సిద్ధాంతానికి వ్యతిరేకం కావు, దాని కొనసాగింపు మాత్రమే. చెవి ఒగ్గి విని, ఉన్నది ఉన్నట్లు రాసి, అవమానం లేని పేరు పెట్టటం అనే పద్ధతి ఆయనదే.

ఊరు విడిచిన వృద్ధుడు

పంతులుగారి చివరి దశలో విధి ఒక కఠిన పరీక్ష పెట్టినది. భాషను బట్టి ఒరిస్సా రాష్ట్రం ఏర్పడాలన్న ఉద్యమం బలపడి, 1936 ఏప్రిల్ 1న అది సాధించబడినది. పర్లాకిమిడి పట్టణాన్ని, సంస్థానంలోని కొంత భాగాన్ని అందులో చేర్చారు. తెలుగువారు అధికంగా ఉన్న పట్టణాన్ని ఒరియా ప్రాంతమని పేర్కొనటాన్ని పంతులుగారు గట్టిగా ప్రతిఘటించారు. ఏ రాజకుటుంబపు విద్యాసంస్థలో మూడు దశాబ్దాలు కొలువు చేశారో ఆ ప్రభువే అవతలి పక్షాన నిలిచారు. ఉపకారస్మృతి ఒకవైపు, సత్యం ఒకవైపు. పంతులుగారు సత్యం వైపే మొగ్గారు. విన్నపాలు ఫలించనప్పుడు, డెబ్బదిమూడవ ఏట, యాభై ఆరు సంవత్సరాలు నివసించిన ఊరిని, ఇంటిని, తాము ప్రేమించిన కొండలను విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు.

ఒరియా భాషమీద గాని ఆ ప్రజలమీద గాని వారికి ద్వేషం లేదు. పరాయి జాతి భాషకు జీవితాన్ని ధారపోసిన వ్యక్తికి అట్టి ద్వేషం ఎట్లా ఉంటుంది? తానున్న నేలకు అక్కడి జనం చెప్పుకొనే పేరు కాక, కాగితంమీద మరొకరు రాసిన పేరు నిలవటాన్ని మాత్రం వారు భరించలేకపోయారు. పర్లాకిమిడి నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం. ఒరిస్సా తన పేరును ఒడిశా అని, భాషను ఒడియా అని 2011లో సరిచేసుకున్నది. ఒక జాతి తన పేరును తన నోట పలికినట్లుగానే లోకం పలకాలని కోరటం న్యాయమే. పంతులుగారు ఉంటే దానిని తప్పక సమర్థించేవారు.

ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు, కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించినది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించినది. 1940 జనవరి 22న మద్రాసులో పంతులుగారు తుదిశ్వాస విడిచారు. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

దండలు వేసి ఉపన్యాసాలు చెప్పటంతో ఆ రోజు ముగియరాదు. నేడు మన పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ఈ సంచికలోని తెలుగు వ్యాసాలు కూడ పంతులుగారు గెలిచి ఇచ్చిన భాషలోనే ఉన్నాయి. ఆ భాషలో రాసేవారికి ఆయన జాగ్రత్త కూడ వారసత్వంగా రావాలి. స్కాట్లండువాణ్ణి గురించి రాసేటప్పుడు స్కాట్ అని, నాలుగు ప్రాంతాలకూ చెందిన ప్రభుత్వాన్ని గురించి రాసేటప్పుడు బ్రిటిష్ అని, ఇంగ్లండుకు మాత్రమే చెందినదానిని ఇంగ్లీషు అని రాయటం పరీక్షలో మార్కుల కోసం మాత్రమే కాదు. సీతంపేట కొండలనుండి మన తరగతికి వచ్చిన విద్యార్థిని ఎట్లా పిలుస్తున్నాము, శ్రీకాకుళం పల్లె నుండి వచ్చిన విద్యార్థి మాటను విని నవ్వుతున్నామా, ప్రక్క బల్లమీది ఉర్దూ విద్యార్థి భాష పేరు సరిగా పలుకుతున్నామా అన్నవి కూడ అదే పాఠంలోని ప్రశ్నలు. ఎదుటివానిని నీ పేరేమిటని అడిగి, అతడు చెప్పిన పేరునే రాసుకోవటం విద్యకు మొదటి మెట్టు. పర్లాకిమిడిలో ఒక యువ ఉపాధ్యాయుడు కొండనుండి దిగివచ్చిన ఒక సవరను ఆ ప్రశ్న అడిగాడు. తక్కిన జీవితమంతా ఆ ప్రశ్న వెంట నడిచింది.